నలభై ఒకటో చుక్క

పలాస–కాశీబుగ్గ జంట పట్టణాల్లోకి పవర్‌పాయింట్ అనే విద్య ఏ సంవత్సరంలో ప్రవేశించిందో చరిత్రకారులు ఇంకా తేల్చలేదు. తేల్చే ఉద్దేశం కూడా వారిలో కనిపించడం లేదు. రెండువేల మూడు ప్రాంతంలో అని ఒక అంచనా. ప్రవేశించిన కొద్ది రోజులకే దాని బారి నుంచి ప్రజలను కాపాడే బాధ్యత ఒకరు తలకెత్తుకున్నారన్నది మాత్రం నిర్వివాదాంశం. ఆవిడ పేరు నయోమి.

కాశీబుగ్గలో బస్టాండుకు వెళ్ళే దారిలో, ఒక టైలరు షాపు మీద, పదహారు మెట్లెక్కితే బేతేలు కంప్యూటర్స్ వస్తుంది. బోర్డు మీద డీటీపీ, జెరాక్స్, లామినేషన్, శుభలేఖలు అని ఉంటుంది. ఒకరు చేసిన స్లైడులను ఇక్కడ బాగుచేస్తారని ఎక్కడా రాసి లేదు. అయినా సెమినారు ఉన్న లెక్చరర్లూ, పైఅధికారి వస్తున్నాడని తెలిసిన ఆఫీసర్లూ సీడీ పట్టుకుని, పన్ను నొప్పితో చెంప పట్టుకున్న రోగుల్లాగా, ఆ మెట్లెక్కేవారు.

నయోమి గారు పుట్టింది టెక్కలిలో, బాప్టిస్టు సంఘపు కుటుంబంలో. ఇంటర్ అయ్యాక పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో చేరారు. గ్రేడింగు పని. తెలియనివారికి రెండు మాటలు: చేటలో పోసిన పప్పును గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు చేయాలి. చూడడానికి తేలిక. తొమ్మిదేళ్ళు చేస్తే మనిషి చూపే మారిపోతుంది. గుప్పెట్లో పలుకులు ఎన్నున్నాయో ఆవిడ లెక్కపెట్టకుండా చెప్పగలరు. ప్రార్థన కూటానికి ఎందరొచ్చారో పాస్టరు గారు రిజిస్టరు తెరవకముందే చెప్పేవారు. దీనివల్ల పాస్టరు గారికి కొంత ఇబ్బంది కలిగిందని కూడా వినికిడి.

అన్నింటికంటే గట్టిగా ఆ చేట ముందు ఆవిడకు వంటబట్టిన సంగతి, ముక్కను పారేయకూడదన్నది. గుండు డబ్బాలోకి పోతుంది, ముక్క మిఠాయి కొట్టుకు పోతుంది. పారేస్తే మేస్త్రీ ఊరుకోడు. సాయంత్రాలు టైపు నేర్చుకుని, హయ్యరు పాసై, మైకుసెట్లు అద్దెకిచ్చే ఆనందరావు గారిని పెళ్ళాడి, కంప్యూటరు ముందు కూర్చున్నాక కూడా ఆవిడ చేట వదల్లేదు. చేట ఆకారం మారిందంతే.

ఆవిడ పద్ధతి ఇది. సీడీ ఇవ్వగానే దాన్ని పక్కన పెట్టి, వచ్చినవాణ్ణి నిలబెట్టి, "బొమ్మలొద్దు. నోటితో సెప్పండి" అంటారు. కప్ప జీవిత చక్రం మీద అరవై స్లైడులు తెచ్చిన లెక్చరరుకు నోటితో చెప్పేసరికి తొమ్మిది మాత్రమే గుర్తొచ్చాయి. "మీకే గుర్తు నేనియ్యి పిల్లలకేటి గుర్తుంటాయి సారూ?" అని మిగతా యాభై ఒకటీ తీసేశారు. తీసేశారంటే చెరిపేశారని కాదు. తొమ్మిది అయ్యాక ఒక నల్లటి ఖాళీ స్లైడు పెట్టి, దాని వెనక ఆ యాభై ఒకటినీ వరసగా పేర్చారు. అవి ముక్కలు. సొంతదారు ఎప్పుడడిగినా ఉంటాయి. ఇక ఆవిడ ఒక్క అక్షరం కూడా కొత్తగా చేర్చరు. చేర్చమని బతిమాలితే, "ఒకరి సరుకులో మన సరుకు కలిపితే ఫ్యాక్టరీలో ఊరుకుంటారేటి?" అంటారు.

ఈ నియమానికి గట్టి పరీక్ష రెండువేల ఏడు వేసవిలో వచ్చింది.

ఉద్దానంలో, కొబ్బరితోటల నడుమ, నీలంపుట్టుగ అని ఒక ఊరు. అక్కడి ప్రాథమిక పాఠశాలలో పనిచేసి రిటైరైన పోలారావు మాస్టారు ఒకరోజు పొద్దున్నే ఆ పదహారు మెట్లూ ఎక్కారు. ఆ ప్రాంతంలో ఇంగ్లీషు అక్షరం రాని ముసలమ్మ కూడా తడుముకోకుండా పలికే ఇంగ్లీషు మాట ఒకటుంది: క్రియాటినిన్. కిడ్నీ ఎంత దెబ్బతిందో చెప్పే రక్తపరీక్ష అది. ఎవరింట్లో కిడ్నీ జబ్బు ఉందో, ఎవరికి ఎప్పుడు రక్తపరీక్ష జరిగిందో మాస్టారు ఆరేళ్ళుగా పాత హాజరు పట్టీల్లో రాసుకుంటున్నారు. విశాఖపట్నంలోని ఒక వైద్య ట్రస్టు నెలకోసారి డాక్టరుతో, పరీక్ష సామానుతో ఒక బండిని ఉద్దానం పంపాలనుకుంది. మూడు ఊళ్ళు చూస్తారు, ఒక ఊరిలో బండి నిలుపుతారు. ఊరికి పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో మాస్టారు తన ఆరేళ్ళ పనినీ చూపించాలి.

"ఎన్ని స్లైడులు మాస్టారూ?" అని అడిగారు నయోమి గారు.

"డెబ్బై ఒకటమ్మా. ఇంకా తొమ్మిది సెయ్యాలని ఉండేది గాని, కన్ను లాగేసింది."

టీచర్లకు ప్రభుత్వం ఇచ్చిన శిక్షణలో నేర్చుకున్నదంతా మాస్టారు ఆ డెబ్బై ఒకటిలో ధారపోశారు. అక్షరాలు నాలుగు దిక్కుల నుంచీ గిరికీలు కొడుతూ వచ్చి వాలేవి. రోగుల పట్టిక వెనక గులాబీలు. మందుల దుకాణాల వివరాల వెనక మంచుకొండలు. ప్రతి స్లైడుకూ చప్పట్లు మోగేవి. చప్పట్లెందుకని అడిగితే, "ఆల్లు కొట్టినా కొట్టకపోయినా మనకి లోటుండకూడదు గదమ్మా" అన్నారు.

మాస్టారి వెంట రెండుసార్లు సర్పంచిగా చేసిన రామూర్తి గారు కూడా వచ్చారు. తోడుగా అనుకుంటే పొరపాటు. ఆయన తన ఫొటోకు కాపలాగా వచ్చారు. ఎందుకంటే మొదటి ఇరవై రెండు స్లైడులూ ఊరి పెద్దలవి. ఒక్కో పెద్దకు ఒక్కో స్లైడు. పాస్‌పోర్టు ఫొటో, కింద పేరు, పదవి, పదవి లేనివారికి పూర్వపు పదవి.

నయోమి గారు మెల్లిగా, "ఇయ్యి తీసేత్తేనో?" అన్నారు.

"తీసెయ్యమ్మా," అన్నారు రామూర్తి గారు. "మేం కూడా తీసేత్తాం. షామియానా నాది. కుర్సీలు మన్మథరావుయి. జనరేటరు మా బామ్మర్దిది. ఇంకేటుంటాది? మీ మేస్టారూ, ఆ బొమ్మలూను."

ఆ మాట నిజమేనని మాస్టారికి తెలుసు. ఇరవై రెండు మంది పెద్దలను పిలవకుండా, గౌరవించకుండా ఆ ఊళ్ళో బోరింగు మరమ్మతు కూడా మొదలవదు. పిలిస్తే పది నిమిషాలూ వారికే సరి.

"ఇంతకీ నా ఫొటో ఎన్నోది?" అన్నారు రామూర్తి గారు.

"మూడోది బాబూ," అన్నారు మాస్టారు.

"రెండోది ఎవుడిది?"

"మన్మథరావు గారిది."

"ఆడెలాగవుతాడు రెండోడు? ఆడు గెలిచింది ఒక్కసారి. అదీ నాను ఆసుపత్రిలో ఉన్నప్పుడు."

నయోమి గారు ఆ తగువులోకి దిగలేదు. తర్వాత, సంబంధం లేనట్టు, "వచ్చినోల్లకి ఏటిత్తారండీ?" అన్నారు.

"ఏటిత్తాం? బొండాలు. ఉద్దానం వచ్చి బొండం తాగకుండా ఎవులెల్తారు?"

"స్ట్రాలెడతారా?"

"స్ట్రా ఏటమ్మా, ఆల్లేమైనా పసిపిల్లలా? ఎత్తి తాగడమే."

అప్పుడు జరిగింది ఆ పరిశోధన. కింది నుంచి మూడు కొబ్బరి బొండాలు తెప్పించారు. ఆనందరావు గారు విజ్ఞానశాస్త్రానికి తమ దేహాన్ని అప్పగించారు. ఆయన తల వెనక్కి వాల్చి తాగుతుంటే నయోమి గారు గడియారం పట్టుకుని కూర్చున్నారు. మధ్యలో ఊపిరి తీసుకోవడంతో సహా, సగటున ఒక్కో బొండానికి రెండు నిమిషాల పది సెకన్లు పట్టింది.

"నాలుగోది కూడా తాగితే ఇంకా కచ్చితంగా తెలుత్తాది," అన్నారు ఆనందరావు గారు.

"అక్కర్నేదు మావా."

ఒక్కో పెద్దకు ఆరు సెకన్లు. ఇరవై రెండు మందికి రెండు నిమిషాల పన్నెండు సెకన్లు. అతిథులు బొండాలు ఎత్తిపట్టి పైకప్పు చూస్తుండగా పెద్దలంతా తెర మీద ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోతారు. పెద్దలు పెద్దలను చూసుకుంటారు. బొండాలు దిగాక మాస్టారి పది నిమిషాలు మొదలవుతాయి.

"మరి రెండోదెవుడు?" అన్నారు రామూర్తి గారు, అసలు విషయం మరవకుండా.

"మీది ఆఖరున ఎడదామండీ. అందరూ ఆరేసి సెకన్లు. ఆఖరి ఫొటో మాత్రం మాస్టారు మొదలెట్టేదాకా తెర మీదే ఉండిపోతాది."

రామూర్తి గారు ఈ సంగతిని తూచి చూసుకున్నారు. "మన్మథరావుకి సెప్పకండి," అని మెట్లు దిగారు.

రెండో రోజు మాస్టారు ఒక్కరే వచ్చారు. నిలబడి, నోటితో, బొమ్మలు లేకుండా చెప్పారు. నలభై ఏళ్ళు పిల్లలకు చెప్పిన మనిషి. ఎనిమిది నిమిషాల్లో ఊరంతా తిప్పి తీసుకొచ్చారు. "నలభై ఒక్క ఇల్లమ్మా. ఒక్కో గడపా ఎక్కి అడిగి రాసినాను" అని ముగించారు. ఆయన చెప్పినదాంట్లో ఆరు స్లైడులే ఉన్నాయి. గులాబీలు, మంచుకొండలు, చప్పట్లు నల్లటి స్లైడు వెనక్కి చేరాయి.

ఆ ఆరింట్లో నాలుగోది ఊరి పటం. మాస్టారు మౌసుతో సొంతంగా గీసింది. వీధులు వంకర, బావి నలుచదరం, జబ్బున్న ఒక్కో ఇంటి దగ్గరా ఒక నల్ల చుక్క. తాళం చెవి కోసం పైకి వచ్చిన ఆనందరావు గారు అది చూశారు.

"ఇదేటి నయోమీ, సిరాబుడ్డి ఒలికినట్టున్నాది! నెట్‌లోంచి మంచి మేపు తీసి ఎట్టీ."

"ముట్టుకోకు మావా. ఆరేళ్ళు తిరిగిన మనిషి గీసింది. ఈది వంకరగుందంటే అక్కడ వంకరగానే ఉంటాది."

అని ఆవిడ పటం వంక ఇంకొంచెం సేపు చూశారు. చేట మీద చూసే చూపు అది.

"మాస్టారూ, నోటితో నలభై ఒకటన్నారు. ఇక్కడ నలభై ఉన్నాయి."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడవాల్సినంత మురికి దానికి లేదు.

"ఒకటి మాదమ్మా. మా ఆడది, కాంతం."

"మరి చుక్కేది?"

"మనింటి సంగతి మనమే బొమ్మేసి సూపించుకుంటామేటమ్మా? పెళ్ళాం కోసమే ఇదంతా సేసినాడని అనరా రేపు?"

"ఆవిడ కోసం కాదా?"

మాస్టారు అప్పుడు సంగతి చెప్పారు. నెలనెలా కాంతమ్మను విశాఖపట్నం తీసుకెళ్ళేవారట. మొన్న ఫిబ్రవరిలో తిరిగి వస్తూ ప్లాట్‌ఫారం మీద ఆవిడ కూలబడిపోయింది. ఇంటికొచ్చి మంచమెక్కి, "ఇంక నానెల్లను. నన్ను రైలెక్కించకు. డాక్టరే గుమ్మంలోకొత్తే సూపించుకుంటాను" అంది. మూడు నెలలైంది. అన్నమాట మీద ఉంది.

"బండి మా ఊరికి రాకపోతే ఆవిడ సూపించుకోదు. అంతేనమ్మా," అన్నారు.

నయోమి గారు తన కుర్చీలోంచి లేచారు. "కూకోండి. మౌసు ఇటుంది."

"నువ్వెట్టీ అమ్మా, ఒక్క చుక్కే గదా."

"నానెట్టను. నలభై మీరెట్టినారు, ఇది నానెట్టకూడదు."

మాస్టారు కూర్చున్నారు. మూడో వీధి మలుపు దగ్గర మౌసు నొక్కారు. మౌసు జారి చుక్క మిగతావాటికంటే పెద్దదిగా పడింది. చెరిపి మళ్ళీ పెడతానన్నారు. "ఉండనీండి" అన్నారు నయోమి గారు.

మే నెల రెండో మంగళవారం నీలంపుట్టుగ బడిలో షామియానా కిటికీలకు కట్టి చీకటి చేశారు. జనరేటరు మొదలైంది. నయోమి గారు కంప్యూటరు దగ్గర, ఆనందరావు గారు మైకు దగ్గర. పదిన్నరకు రావలసిన ట్రస్టువారు పదిన్నరకే వచ్చారు. ఇలాంటిది ఆ ఊరు ఎన్నడూ ఎరగదు కనుక కాస్త గందరగోళమైంది. అందరికంటే పెద్దావిడ ఒక డాక్టరమ్మ, నెరిసిన జుట్టు, మాట తక్కువ.

బొండాలు వచ్చాయి. పెద్దలు తెర మీద మొదలయ్యారు. అతిథులు తలలెత్తారు. లెక్క సెకన్లతో సహా కుదిరింది, ఒక్క డాక్టరమ్మ విషయంలో తప్ప. ఆడమనిషి ఎత్తి తాగితే చీర పాడవుతుందని మన్మథరావు గారు పలాస నుంచి ప్రత్యేకంగా ఒక స్ట్రా తెప్పించారు. ఆయన మర్యాదస్తుడు. డాక్టరమ్మ స్ట్రాతో తాగుతూ, తల ఎత్తకుండా, ఇరవై రెండు ఫొటోలనూ శ్రద్ధగా చూశారు. ఆఖరికి రామూర్తి గారి ముఖం వచ్చి తెర మీద ఆగిపోయింది.

"వీళ్ళందరూ పేషెంట్లా?" అన్నారు డాక్టరమ్మ.

 రామూర్తి గారు లేచి నిలబడ్డారు. వెనక తెర మీద ఆయనే, ముందు ఆయనే.

"పేషెంట్లం కాదమ్మా. పెద్దలం," అన్నారు. కూర్చున్నారు. ఇంకేదో అనబోయి ఆపుకున్నట్టు కనిపించారు.

మాస్టారు మొదలుపెట్టారు. రెండో మాటకే బడి పంతులు బయటికొచ్చాడు. మూడు స్లైడులు దాటి పటం వచ్చింది. నలభై ఒక్క ఇల్లని చెప్పి ఆగారు.

"ఇదొక్కటి పెద్దగా ఉందేం?" అని డాక్టరమ్మ మూడో వీధి మలుపు చూపించారు.

"అది మా ఇల్లమ్మా. నా భార్యకి."

ఆడవాళ్ళ వరసలోంచి ఒక బక్కపలచని చెయ్యి లేచింది. కాంతమ్మ. "నానేనమ్మా అది. ఊరందరికీ సిన్న సుక్కలెట్టి నాకు పెద్దదెట్టినాడు. మొగుడు గదా!"

గది గొల్లున నవ్వింది. డాక్టరమ్మ కూడా నవ్వారు. ఆ నవ్వు ఇంకా పూర్తిగా సద్దుమణగకముందే రామూర్తి గారు మళ్ళీ లేచారు.

"మేస్టారూ. మా ఇంటికాడ సుక్క నేదు."

"వద్దన్నారు గదా బాబూ. గుమ్మం ఎక్కనివ్వలేదు."

"అప్పుడన్నాను. ఇప్పుడెట్టమంటన్నాను. నాకే. రెండేళ్ళయినాది."

మాస్టారు నయోమి గారి వంక చూశారు. ఆవిడ అప్పటికే ప్రదర్శన ఆపి, పటాన్ని మార్చడానికి వీలుగా తెరిచి, కుర్చీ ఖాళీ చేసి నిలబడ్డారు.

ఆనందరావు గారు మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, "టైమైపోతన్నాది, నువ్వెట్టీవే!" అన్నారు.

"నాది కాదు మావా."

మాస్టారు కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, పెద్ద వీధిలో మొదటి ఇంటి మీద చుక్క పెట్టారు. ఊరంతా తెర మీద దాన్ని చూసింది.

"రామూర్తికెట్టి నాకెట్టకపోతే ఎలాగ?" అని లేచారు మన్మథరావు గారు. "మా ఇంట్లో ఇద్దరం. నాకు రెండెట్టాల."

"ఇక్కడ కూడా నాకంటే ఎక్కువేటిరా నీకు?" అన్నారు రామూర్తి గారు.

ఈసారి నవ్వు తక్కువ, చేతులు ఎక్కువ. ఆనాటి దాకా మాస్టారికి తలుపు తియ్యని గడపలు ఒక్కొక్కటే నోరు విప్పాయి. పెద్దల ఫొటోల్లో ఉన్నవాళ్ళే ఐదుగురు. నలభై ఒకటి కాస్తా యాభై అయింది. పది నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. పక్కనున్న కుర్రడాక్టరు గడియారం చూపిస్తే డాక్టరమ్మ తల అడ్డంగా ఊపారు. మాస్టారి ఐదో స్లైడూ ఆరో స్లైడూ ఎవరూ చూడలేదు.

"ఈ కొత్త తొమ్మిది చుక్కలవాళ్ళకూ చివరిసారి పరీక్ష ఎప్పుడైంది?" అని అడిగారు డాక్టరమ్మ. ఎత్తిన చేతులు దిగిపోయాయి. ఆవిడ పుస్తకంలో ఏదో రాసుకుని, "బడి ముందు బండి నిలపడానికి నీడుందా?" అన్నారు.

"నీడేటమ్మా, షామియానా నాదే," అన్నారు రామూర్తి గారు.

మిగతా రెండు ఊళ్ళవారి స్లైడులు చాలా అందంగా ఉన్నాయని తర్వాత తెలిసింది. జూన్ నెలాఖరుకు ఉత్తరం వచ్చింది. జూలై మొదటి మంగళవారం బండి నీలంపుట్టుగ బడి ముందు ఆగింది. కాంతమ్మ ఇంటి నుంచి నడిచి వెళ్ళి వరసలో నిలబడింది. ఎవరు ముందు అన్న విషయమై రామూర్తి గారికీ మన్మథరావు గారికీ జరుగుతున్న చర్చ ముగిసేలోగా చెయ్యి చాపి రక్తమిచ్చి వచ్చేసింది.

మరుసటి వేసవికి ట్రస్టువారు ఏడాది వివరాలు అడిగారు. మాస్టారు మళ్ళీ సీడీతో మెట్లెక్కారు. ఈసారి ముప్పై నాలుగే. మనిషి పొదుపు నేర్చుకున్నాడు. కానీ మొదటి స్లైడులో గులాబీల మధ్య నయోమి గారి ఫొటో, దాని చుట్టూ గిరికీలు కొడుతూ కృతజ్ఞతలు, వెనక ఎడతెరిపిలేని చప్పట్లు. ఆ ఫొటో మాస్టారికి ఎలా దొరికిందో ఆనందరావు గారు చెప్పనన్నారు.

"నోటితో సెప్పండి," అన్నారు నయోమి గారు, ఎప్పటిలాగే.

మాస్టారు నిలబడి చెప్పారు. మొట్టమొదట ఆవిడ పేరే చెప్పారు. నోటితో చెప్పింది తియ్యకూడదన్నది ఆవిడ నియమమే కనుక, ఈసారి పట్టుబడిపోయారని ఆనందరావు గారు సంబరపడ్డారు.

ఆవిడ విన్నారు. చప్పట్లు ఆపేశారు. ఆ స్లైడును అలా పట్టుకెళ్ళి నల్లటి స్లైడుకు అవతల, ముక్కల్లో మొదటిదిగా పెట్టారు.

"అదేటమ్మా? నోటితో సెప్పినాను గదా!" అన్నారు మాస్టారు.

"మీ సరుకులో నా సరుకేటండి? ఎక్కడికీ పోదు. ఉంటాది," అని నయోమి గారు పటం తెరిచి, చుక్కల మీదికి వంగారు.